మర్యాద కవళ్ళు

మొన్న పేపర్లో ఒక వార్త చూశాను. మన తీరంలో కవళ్ళ చేపలు ఆరోగ్యంగా ఉన్నాయట. నాడి ఎవరు పట్టి చూశారో మాత్రం రాయలేదు. పేపరు మడిచి కుర్చీ కింద పడేశాను. మా ఆవిడ తీసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ పడేశాను. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. మత్స్యశాఖలోనో, చేపల మీద పరిశోధన చేసే ఏదో ఒక సంస్థలోనో ఈమధ్యే చేరిన పిల్లలు ఎవరైనా చదువుతుంటే, నా గొంతు కాస్త గట్టిగా వినిపించినా సర్దుకోవాలి.

ముందు నా గురించి చెప్పాలి. ఉద్యోగమంతా విశాఖ సముద్రాన్ని కొలిచినవాణ్ణి నేను. ఏ చేప ఏ నెలలో ఏ లోతులో తిరుగుతుందో అరచేతిలో గీతలు చదివినట్టు చదివినవాణ్ణి. నీటి రంగు చూసి కవళ్ళ మంద ఎటు పోతోందో చెప్పినవాణ్ణి.

ఇక్కడ ఆగాలి. ఈ మూడు వాక్యాలూ నా రిటైర్మెంట్ సభ కోసం నేనే రాసి, వేరొకరి చేత చదివించుకున్నవి. నిజం ఏమిటంటే, బోటు హార్బరు ముఖద్వారం దాటకముందే నాకు వాంతులు మొదలవుతాయి. నేను కొలిచింది సముద్రాన్ని కాదు, చేపల్ని. అదీ జెట్టీ మీద, అవి చచ్చాక.

పని సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. సముద్రంలో చేపల్ని ఎవరూ లెక్కపెట్టలేరు. అందుకని ఒడ్డుకు వచ్చినవాటిలో కొన్నిటిని తీసి, పలక మీద పడుకోబెట్టి, మూతి నుంచి తోక దాకా కొలుస్తాం. పెద్దవీ చిన్నవీ కలిసి వస్తుంటే ఆ సంతతి బాగున్నట్టు. పిల్లలే వస్తుంటే, అవి గుడ్లు పెట్టే వయసుకు చేరకుండానే వలలో పడుతున్నట్టు. మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. అయితే దీనికంతటికీ ఒకటే షరతు ఉంది. మనం తీసిన గుప్పెడు, అక్కడున్న కుప్పలాగే ఉండాలి. కుప్పలో సగం పిల్లలైతే గుప్పెట్లోనూ సగం పిల్లలే ఉండాలి. ఈ షరతు గుర్తుపెట్టుకుంటే చాలు, నేను చెప్పబోయేదంతా అర్థమవుతుంది.

ఇక కవళ్ళు. వంజరం కొనలేని ఇంట్లో కూడా వారానికి రెండుసార్లు పులుసు కాగుతుందంటే ఆ చేప వల్లే. మందలు మందలుగా ఒడ్డుకు దగ్గరగా వస్తుంది కాబట్టి చిన్న పడవవాడికి కూడా దొరుకుతుంది. ఈమధ్య కోళ్ళ మేతకూ రొయ్యల మేతకూ ఫ్యాక్టరీలు కొంటున్నాయి. వాటికి చేప సైజుతో పని లేదు. వేలంత ఉన్నా ఎండబెట్టి పొడి చేస్తారు.

మేము హార్బరుకు వెళ్ళే పద్ధతి ఇదీ. ఆఫీసు జీపు జెట్టీ దగ్గర ఆగుతుంది. పలక, బకెట్టు పట్టుకుని నేను దిగుతాను. నన్ను చూడగానే బోటు మీద డ్రైవరు లోపలికి కేకేస్తాడు.

"సారొచ్చారురా. మంచియి ఏరి బకెట్లో ఎయ్యండి."

"ఏరొద్దయ్యా. చేతికి ఏవి దొరికితే అవి వెయ్యి," అనేవాణ్ణి.

"అదేటి సారూ. మీ సేతిలో పిల్ల కవళ్ళు పెడితే మా బోటు పరువేటవుద్ది?"

అతని తప్పు లేదు. జెట్టీకి వచ్చిన ఆఫీసరుకు చిన్న చేప ఇవ్వడమంటే, ఇంటికి వచ్చిన చుట్టానికి అడుగంటిన అన్నం పెట్టడం లాంటిది. బోటు మీద పనిచేసే కళాసీలు కుప్పలోంచి అరచేయంత కవళ్ళు ఏరి, నీళ్ళతో కడిగి మరీ ఇచ్చేవారు. మేము వాటిని కొలిచి, అంకెలు రాసుకునేవాళ్ళం. కొలిచాక ఆ చేపలు ఏమవుతాయని అడగరేం? పాలిథిన్ సంచుల్లో మా ఇళ్ళకు వెళ్ళేవి. మా ఆఫీసు పెద్ద సారు సంచి వేరే ఉండేది, అది జీపు డ్రైవరు చూసుకునేవాడు. ఇలా చెయ్యమని ఎక్కడా రాసి లేదు. వద్దని కూడా ఎక్కడా రాసి లేదు.

అలా ఏళ్ళ తరబడి మా గ్రాఫుల్లో కవళ్ళు నిగనిగలాడాయి. పై నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు ఈ తీరంలో చేప ఎంత బాగుందో అని మెచ్చుకుని వెళ్ళేవారు. మేము కొలుస్తున్నది బెస్తవాళ్ళ మర్యాదని ఎవరికీ తట్టలేదు.

ఒక్కడికి తట్టింది. నాకు. అంకెల వరుసల్లో ఒక అసహజమైన వంపు నా అనుభవమున్న కంటికి

సరే, ఇదీ కొట్టేస్తున్నాను. తట్టింది మా ఆవిడకి. ఇంటికి హఠాత్తుగా చుట్టాలొస్తే, నేను తెచ్చిన సంచి చాలదని పూర్ణా మార్కెట్ నుంచి ఇంకొన్ని కవళ్ళు తెచ్చింది. రెండూ ఒకే పళ్ళెంలో పోసి నన్ను వంటింట్లోకి పిలిచింది. నావి అరచేయంత ఉన్నాయి. మార్కెట్‌వి చూపుడు వేలంత.

"ఏవండీ, మీ ఆఫీసుకి వేరే సముద్రం ఉందేటి?"

నేను శాంపిలింగ్ అంటే ఏమిటో గంభీరంగా చెప్పాను. ఆవిడ బడిలో టీచరు. చేపల పొట్టలు తీస్తూనే అంతా విని, తలెత్తకుండా అంది.

"మా బడికి ఇన్‌స్పెక్టరొస్తే మేమూ చదివే పిల్లల్నే ముందు బెంచీలో కూర్చోబెడతాం. ఆయన కూడా మీలాగే రాసుకుని ఎల్తాడు."

ఆ రాత్రి పులుసు నాకు దిగలేదు. (రెండోసారి వడ్డించుకోలేదని మాత్రమే దీని అర్థం.)

సరిగ్గా ఆ రోజుల్లోనే బావ మా ఆఫీసుకు వచ్చాడు. బావ అంటే చుట్టరికం కాదు. మాది తగరపువలస దగ్గర వ్యవసాయం చేసుకునే ఊరు. ఆయనది భీమిలి అవతల ఒడ్డు. కుర్రతనంలో ఒకే బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడి కలిసినవాళ్ళం. ఆయనకి ఒక ఫైబర్ పడవ, ఒక కవళ్ళ వల ఉన్నాయి. ఆ వల కన్ను పెద్దది. పిల్ల చేప అందులోంచి జారిపోతుంది.

వరండాలో నిలబడే మాట మొదలుపెట్టాడు.

"బావా, మా బతుకు మీ ఆఫీసు కాయితం మీద ఉందంట కదా."

నిజమే. రింగు వలల బోట్లవాళ్ళు ఒక అర్జీ పెట్టారు. రింగు వల అంటే, మంద చుట్టూ గుండ్రంగా వేసి, సంచి మూతికి తాడు లాగినట్టు అడుగున బిగించే పెద్ద వల. లోపల పడ్డది ఏదీ బయటికి పోదు. పిల్ల కవళ్ళు ఒడ్డు దగ్గర మేసే నెలల్లో ఆ బోట్లను దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆ నెలల్లో కూడా రానివ్వాలని వాళ్ళ అర్జీ. దాని మీద కమిటీ కూర్చుంది. కవళ్ళ సంతతి ఆరోగ్యంగా ఉందని మా సంస్థ రాసిస్తే ఒడ్డు తెరుస్తారు, లేదంటే లేదు.

"తెరిత్తే ఏటి సేత్తావు బావా?" అన్నాను.

"పడవ అమ్మేత్తాను. బేరం వచ్చి కూకుంది. పిల్లలన్నీ ఆళ్ళు ఎత్తుకుపోతే, పెద్దయి మా వలలోకి ఆకాశంలోంచి వత్తాయేటి?" కాసేపు గోడమీది చేపల పటం చూశాడు. "మీవోళ్ళు ఏటి రాత్తన్నారు?"

ఆరోగ్యంగా ఉన్నాయనే రాస్తున్నామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చూద్దాంలే అన్నాను.

మరుసటి వారం నుంచి పద్ధతి మార్చాను. నాతో పాటు మా సంస్థలో కంప్యూటర్ లెక్కలు చూసే అమ్మాయి వచ్చేది. నా కంటే చిన్నదే గానీ నా కంటే బాగా చదువుకుంది, మొహమాటం తక్కువ. ఆదివారాలు చర్చికి వెళ్ళే చీరతోనే జెట్టీకి వచ్చి, కొంగు బిగించి, కుప్ప పైన ఒక దోసిలి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి తనే చేత్తో తీసి బకెట్లో వేసేది. మేత ఫ్యాక్టరీ లారీ ఎక్కే ట్రేలనూ వదల్లేదు.

జెట్టీ మీద గొడవైంది.

"ఏటి సారూ, మా మీద అలిగారా?" అన్నాడు బోటు మీది పాత డ్రైవరు. "అడుగున చెయ్యెట్టి లాగుతున్నారు ఆ అమ్మగారు. మేం ఏటో దాసినట్టు."

"దాచారని కాదయ్యా. చిన్నవి కూడా కావాలి మాకు."

"సిన్నయి తినడానికేటుంటాది సారూ, ముల్లే కదా."

"తినడానికి కాదు."

"మరెందుకు?" నిజంగానే అడిగాడు. ఇన్నేళ్ళూ మేము కూర కోసమే వస్తున్నామని అతని నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేదని నేను అనలేకపోయాను. ఆ తర్వాత ఆ బోటు మీద మాకు టీ రాలేదు. ఆఫీసులో కూడా మొహాలు మాడ్చుకున్నారు. సంచుల్లో వెళ్తున్నవి వేలంత చేపలు. జీపు డ్రైవరైతే హార్బరు డ్యూటీ వద్దని వేరే డ్యూటీ వేయించుకున్నాడు.

సీజను ముగిశాక ఆ అమ్మాయి తన కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది.

"పెద్దవి లేవు సర్."

"తక్కువున్నాయా?"

"లేవనే చెప్పాలి. వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఒక్కసారి కూడా గుడ్లు పెట్టనివే."

ఇద్దరం ఆ గ్రాఫు పట్టుకుని పెద్ద సారు గదికి వెళ్ళాం. ఆయన మూర్ఖుడు కాదు. అదే నాకు ఇప్పటికీ మండే సంగతి. కళ్ళజోడు సర్దుకుని శ్రద్ధగా చూశాడు.

"చేప మారలేదయ్యా. మీ చెయ్యి మారింది. పాత పద్ధతిలో తీసినవాటినీ కొత్త పద్ధతిలో తీసినవాటినీ పక్కపక్కన పెట్టి తగ్గిందంటే ఎలా? ఒక్క సీజను పట్టుకుని ఇన్నేళ్ళ లెక్కను తిరగరాస్తామా?"

"పాత లెక్క ఏరిన చేపలది సర్," అంది ఆ అమ్మాయి.

"అని మీరంటున్నారు. దానికి రుజువేది?"

"మరి కొత్తది ఏం చేద్దాం సర్?"

"పక్కన పెడదాం. పాతదానితో పొసగదు కదా."

పిల్లలూ, ఈ చోట మీరు జాగ్రత్తగా ఉండాలి. కొత్త లెక్క పాతదానితో పొసగదన్నది నిజం. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా అదే ఉంటుంది. కాబట్టి పాతదే రాద్దాం అన్నది మోసం. ఒకే నోట్లోంచి, ఒకే గొంతుతో రెండూ వచ్చాయి. మన శాఖల్లో అబద్ధాన్ని ఎవరూ అబద్ధంలా చెప్పరు. పక్కన ఒక నిజాన్ని కూర్చోబెట్టి చెప్తారు. రిపోర్టు తయారైంది. కవళ్ళ సంతతి ఆరోగ్యంగా ఉన్నది. కింద సంతకం చేసినవాళ్ళలో ఒక్కరైనా ఆ ఏడు జెట్టీ మీద కాలు పెట్టలేదు.

కమిటీ సమావేశం మద్దిలపాలెం వైపు ఒక హాల్లో పెట్టారు. వేదిక మీద అధికారులు, ముందు కుర్చీల్లో రింగు బోట్ల యజమానులు, వెనక చిన్న పడవలవాళ్ళు. బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీ ఉంది గానీ కూర్చోలేదు. పెద్ద సారు గ్రాఫులు చూపించి, ఆరోగ్యంగా ఉన్నది అనే మాట దగ్గరికి వచ్చాడు.

అప్పుడు నేను లేచాను. సింహంలా గర్జించాను. మైకు లేకుండానే నా గొంతు హాలంతా

లేదు. ఆ అమ్మాయి మోచేత్తో పొడిస్తే లేచాను. మా పెద్ద సారును ఎదిరించి ఒక్క ముక్క కూడా అనలేదు. అనే ధైర్యం లేక, ముందు వరుసలో తెలిసిన మొహం కనబడితే అటు తిరిగి ఒక ప్రశ్న అడిగాను. ఆయన రింగు బోట్ల పెద్ద యజమాని, తెల్ల చొక్కా మనిషి. పాత డ్రైవరు బోటు కూడా ఆయనదే.

"మేము కొలతలకి మీ బోట్ల మీదికి వచ్చినప్పుడు, మాకు ఎలాంటి చేపలు ఇచ్చేవారండీ?"

ఆయనకి అది అవమానంలా తగిలింది. లేచి నిలబడ్డాడు.

"అదేటి ప్రశ్న సారూ, ఇందరి ముందల? ఏనాడైనా సిన్నది పెట్టామా మీకు? మా తాత కాలం నుంచీ అంతే. ఆఫీసరొత్తే కుప్పంతా కలబెట్టి మంచియి ఏరి ఇత్తాం. మీ పెద్ద సారుకైతే అంతకన్నా మంచియి జీపులో ఎట్టిత్తాం. అడగండి, ఆయనే ఉన్నారు కదా."

గోడ దగ్గర ఎవరో నవ్వారు. బావే. నవ్వు వెనక వరుసల నుంచి ముందుకు పాకింది. తెల్ల చొక్కా ఆయన ఎందుకు నవ్వుతున్నారో తెలియక చుట్టూ చూశాడు. పాపం, తన అర్జీని తన మర్యాదతోనే కొట్టేసుకున్నాడు. ఆయన మీద నాకు ఏనాడూ కోపం లేదు. ఆ హాల్లో ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది ఆయనొక్కడే.

వేదిక మీది అధికారిణి కలం కింద పెట్టి పెద్ద సారును అడిగారు.

"అంటే, ఈ రిపోర్టులో ఉన్నవి ఏరి ఇచ్చిన చేపలా?"

"అలా పూర్తిగా అనలేం మేడమ్."

"కొంతవరకు అనొచ్చా?"

పెద్ద సారు నీళ్ళు తాగాడు. నిర్ణయం వాయిదా పడింది. మళ్ళీ కొలతలు తీయాలి, అప్పటిదాకా ఒడ్డు మూసే ఉండాలి అన్నారు. మెట్ల దగ్గర బావ నా భుజం మీద గట్టిగా చరిచాడు.

"బేరగాడికి ఫోన్ సేసి రావద్దని సెప్తన్నాను. నాను ఇంకా సముద్రంలోనే ఉంటాను."

ఇక్కడితో ఆపితే మీరు నన్ను మెచ్చుకుంటారు. రిటైర్మెంట్ సభలో నేను ఇక్కడితోనే ఆపించాను.

వారం తిరక్కుండా నన్ను మ్యూజియం విభాగానికి వేశారు. సీసాల్లో చచ్చిన చేపలకి మందునీళ్ళు మార్చే పని. అది శిక్ష అని ఎవరూ అనలేదు. నా సీనియారిటీకి తగిన విశ్రాంతి అన్నారు. మళ్ళీ తీయాల్సిన కొలతల్ని బయటి ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చారు. వాళ్ళ మనుషులు ఇస్త్రీ చొక్కాలతో, మెడలో గుర్తింపు కార్డులతో వచ్చేవారు. డ్రైవర్లు ఊరుకుంటారా? కొత్త సార్లు వచ్చారని మరీ పెద్దవి ఏరి ఇచ్చారు. వాళ్ళు ఆ చేపల పక్కన స్కేలు పెట్టి ఫోటోలు కూడా తీసుకున్నారు. ఇప్పుడు రుజువు కూడా దొరికింది.

ఆ అమ్మాయి తన అభ్యంతరం రాసిచ్చింది. దాన్ని ఫైల్లో పెట్టారు. కొత్త రిపోర్టులో తన పేరు వద్దని పట్టుబట్టి తీసేయించుకుంది. నేను అలా చేయలేదు, నా పేరు ఎటూ లేదు కాబట్టి. ఉంటే ఏం చేసేవాణ్ణో గొప్పగా రాయాలనుంది గానీ, నాకు తెలియదు.

సంతతి ఆరోగ్యంగా ఉన్నది. ఒడ్డు తెరిచారు. పిల్ల చేపలు మేసే నెలల్లో రింగు బోట్లు భీమిలి అవతలి దాకా వచ్చాయి. రెండు సీజన్లు చూసి బావ పడవ అమ్మేశాడు. ఆ కబురు నాకు ఆయన చెప్పలేదు. తగరపువలసలో వలనూలు అమ్మే షాపువాడు చెప్పాడు.

రిటైరయ్యాక నేను హార్బరు వైపు వెళ్ళడం మానేశాను. పోయిన నెల ఒక స్నేహితుడికి రొయ్యలు కావాలంటే తోడు వెళ్ళాను. ఒక రింగు బోటు జెట్టీకి ఆనింది. కళాసీలు వరుసగా నిలబడి ట్రేలు అందిస్తున్నారు. ఆ వరుస చివర బావ ఉన్నాడు. నన్ను చూసి ట్రే పక్కవాడికి ఇచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈ బోటు మీద ఎప్పటినుంచి బావా?" అన్నాను.

"పడవ లేనోడికి ఏ బోటైనా ఒకటే కదా."

పాత అలవాటుకొద్దీ అడిగాను. "ఏ సైజు వత్తన్నాయి?"

చిటికెన వేలు చూపించాడు. అందులోనూ సగం దగ్గర బొటనవేలు పెట్టి ఆపాడు. మేత లారీ అప్పటికే తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది.

"ఒక మాట సెప్తాను, నవ్వకు," అన్నాడు. "మొదటి రోజు వల లాగితే ఎంత బరువొచ్చిందో తెలుసా. నా పడవ మీద అంత బరువు ఏనాడూ ఎరగను. అన్నీ పిల్లలేనని తెలుసు నాకు. అయినా సంతోషం ఏసింది బావా. ఈ సేతులకి తెల్దు కదా, బరువొత్తే సాలు, సంబరపడిపోతాయి. అదే నాకు ఒళ్ళు మండిపోతంది."

బోటు మీంచి ఎవరో పిలిచారు. వస్తన్నానన్నాడు.

వెళ్ళేముందు ఆయన నన్ను, మా ఆఫీసునూ, మా కాగితాలనూ తిట్టిపోశాడని రాస్తే నాకు ఎంతో బాగుండేది. తిట్టలేదు. టిఫిన్ తిన్నావా అని అడిగాడు.